రిపోర్టు నార్మలే, బిడ్డే కాదు

ఎలర్జీ అంటే తిన్న కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేవాలి, పెదవులు వాయాలి, ఊపిరి అందకపోవాలి. ఇవేవీ లేకుండా, పైగా రక్తపరీక్షలోనూ ఏమీ తేలకపోతే అది ఎలర్జీ కానే కాదు. చదువుకున్న ఇళ్ళలోనూ, కొన్ని క్లినిక్కుల్లోనూ పాతుకుపోయిన నమ్మకం ఇది. పసిపిల్లల కడుపు విషయంలో ఈ నమ్మకం తప్పు. ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

ఆహారపు ఎలర్జీల్లో ప్రధానంగా రెండు తెగలున్నాయి. మొదటిదాన్ని నడిపేది ఐజీఈ అనే యాంటీబాడీ. అది సాధారణంగా నిమిషాల్లో బయటపడుతుంది. చర్మం మీద సూదిమొనతో చేసే పరీక్షా, రక్తంలో చేసే ఐజీఈ పరీక్షా దాన్ని పట్టుకోవడానికే ఉన్నాయి. రెండోదానికి ఐజీఈతో పనిలేదు. గొడవంతా పేగుల్లో జరుగుతుంది. గంటల తరవాతో, రోజుల తరవాతో తెలుస్తుంది. ఐజీఈ ప్రమేయమే లేని జబ్బు ఐజీఈని వెతికే పరీక్షలో ఎలా కనబడుతుంది?

ఈ రెండో తెగలో ఉన్నట్టుండి తీవ్రంగా విరుచుకుపడేదాన్ని వైద్యులు ఎఫ్‌పైస్ అంటారు. ఆరేడు నెలల బిడ్డకు ఉదయం పదింటికి బియ్యపు ఉగ్గు పెట్టారనుకోండి. తిని హాయిగా ఆడుకుంటాడు. పన్నెండింటికి భళ్ళున వాంతి. కాసేపటికి మళ్ళీ, ఆపైన మళ్ళీ. కడుపు ఖాళీ అయినా ఓకరింపులు ఆగవు. ముఖం పాలిపోతుంది, మెడ వాలిపోతుంది, పిలిచినా పలకడు. సాయంత్రానికి విరేచనాలు. ఒంటిమీద ఒక్క దద్దురు ఉండదు. ఆస్పత్రిలో రక్తం తీస్తే తెల్లకణాలు పెరిగి ఉంటాయి. ఈ ఎలర్జీలోనూ అవి పెరుగుతాయి మరి. దాంతో ఇన్‌ఫెక్షన్ అని సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెడతారు. రాత్రికి బిడ్డ లేచి కూచుంటాడు. మేలు చేసింది సెలైన్, పేరు మాత్రం యాంటీబయాటిక్‌కి. కొన్నాళ్ళకు మళ్ళీ అదే ఉగ్గు, అదే రెండు గంటల ఎడం, అదే ఆస్పత్రి.

మొదటిసారి ఇన్‌ఫెక్షన్ అనుకోవడంలో ఎవరి తప్పూ లేదు. జ్వరం లేకుండా, ఇంట్లో మరెవరికీ ఏమీ కాకుండా, అదే తిండికి మూడోసారి కూడా అలాగే జరిగినా ఇన్‌ఫెక్షనే అంటే మాత్రం ఒప్పుకోలేం. 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎఫ్‌పైస్‌ని గుర్తించడానికి ప్రధానంగా చూడమన్నది జరిగిన తీరునే: తిన్న గంట నుంచి నాలుగు గంటల్లోపు వాంతులు, దద్దుర్లూ ఆయాసమూ లేకపోవడం, పాలిపోవడం, మగత, అదే పదార్థంతో మళ్ళీ రావడం. ఇవన్నీ చెప్పగలిగేది ముద్ద పెట్టిన తల్లో, అమ్మమ్మో. ఇంట్లో "పళ్ళొస్తున్నాయిలే", "దిష్టి తగిలింది" అనీ, బయట "వైరల్" అనీ తేల్చేస్తే ఆ సాక్ష్యం అడిగేవాళ్ళెవరు? "బియ్యం పడకపోవడమేమిటి, తరతరాలుగా తింటున్నాం" అనే వాదనా నిలవదు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఎఫ్‌పైస్ తెచ్చే ఘనాహారాల్లో బియ్యానిది ముందు వరసే.

ఇదే రెండో తెగలో, ఎఫ్‌పైస్ కాని పాల సంగతి మరో చిక్కు. తల్లిపాలు తాగుతూ, బరువు పెరుగుతూ, చలాకీగా ఉన్న బిడ్డ విరేచనంలో నెత్తుటి చారలు, జిగురు కనిపించడానికి ఒక కారణం తల్లి తాగిన పాలలోని ప్రోటీన్ కావచ్చు. ఇక సలహాలు మొదలు: తల్లిపాలు మాన్పించు, మేకపాలు పట్టు, లాక్టోజ్ లేని పొడి కొను. మూడూ తప్పే. ఆవుపాల ప్రోటీన్ పడని పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి మేకపాలూ పడవు. లాక్టోజ్ అనేది పాలలోని చక్కెర. దాన్ని తీసేసినా ప్రోటీన్ అలాగే ఉంటుంది. చెయ్యవలసింది తల్లిపాలు కొనసాగిస్తూ, వైద్యుల సలహాతో తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పనీర్ మానడం. తగ్గాక మళ్ళీ తిని చూడాలి. మళ్ళీ వస్తేనే ఎలర్జీ అని నమ్మాలి.

"అయితే కక్కిన ప్రతి బిడ్డకూ ఎలర్జీ అంటించాలా?" అని అడుగుతారు. అక్కర్లేదు. పాలు కక్కే పిల్లల్లో ఎక్కువమందికి ఏ జబ్బూ ఉండదు. ఆధారం లేకుండా తల్లికి అన్నీ మాన్పించి నీరసపరచడమూ నేరమే. వందల పదార్థాలకు ఒకేసారి చేస్తామంటూ అమ్మే ఐజీజీ (ఇది ఐజీఈ కాదు, మరో యాంటీబాడీ) పరీక్షలు అందుకే దండగ. ఆ పదార్థం ఒంటికి పరిచయమైందని చెబుతాయి తప్ప పడలేదని చెప్పవు. ఎఫ్‌పైస్ అనుమానమున్న పదార్థాన్ని ఇంట్లో మళ్ళీ పెట్టి చూడకూడదు, ఆ పని ఆస్పత్రిలోనే జరగాలి. ఆకుపచ్చ వాంతి, జ్వరం, ఉబ్బిన పొట్ట, నెత్తుటి విరేచనంతోపాటు నీరసం కనిపిస్తే ఎలర్జీ చర్చ పక్కనపెట్టి వెంటనే పరుగెత్తాలి.

తల్లిదండ్రులకు ఒక మాట: ఏం పెట్టారు, ఎన్నింటికి పెట్టారు, ఎన్నింటికి వాంతయింది, రాసిపెట్టుకోండి. డాక్టర్లకు ఒక మనవి: రిపోర్టు తిప్పేముందు ఆ కాగితం చదవండి. ఈ ఎలర్జీలు చాలామంది పిల్లల్లో ఐదేళ్ళలోపే తగ్గిపోతాయి. అందాకా బిడ్డను కాపాడేది మన గమనికే.