ప్రళయానికి ముహూర్తాలు

కలియుగం ముగిసే వేళ లోకం నశిస్తుందని బెదిరించే ప్రవచనకారులు, ఆ యుగానికి పురాణాలు 4,32,000 ఏళ్ల ఆయుర్దాయం కట్టాయనీ, పంచాంగాల లెక్కన క్రీ.పూ. 3102లో మొదలైన అందులో ఇప్పటికి గడిచింది అయిదు వేల చిల్లర ఏళ్లేననీ నోరెత్తి చెప్పరు. ఇంకా నాలుగు లక్షల పైచిలుకు ఏళ్లు మిగిలి ఉండగా తొందర దేనికో!

ఆ తొందరకు తరానికో యంత్రమో రోగమో సాకుగా దొరుకుతుంది. 1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కక్ష్య నుంచి జారి పడబోతోందని తెలిసినప్పుడు, ఎలాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నవారు తెలుగు పల్లెల్లో ఉన్నారు. దాని శకలాలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. ఎవరికీ గాయం కాలేదు గానీ, చెత్త పడేసినందుకు అక్కడి ఎస్పెరెన్స్ స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. మేకలు పోగొట్టుకున్నవారికి అందులో వాటా రాలేదు. 2020లో కరోనా వచ్చాక కాలజ్ఞానంలో 'కోరంకి' అన్న మాటను వెలికితీసి బ్రహ్మంగారు ముందే చెప్పారని చాటినవారికి, రోగం రాకముందు ఆ మాట ఎందుకు కనబడలేదో వారే చెప్పాలి.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయవచ్చు, కానీ అన్నీ అలా వదిలేయలేం. 2008 సెప్టెంబరు 10న జెనీవా సమీపంలో, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల భూగర్భ సొరంగంలో లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌ను, అంటే ప్రోటాన్లనే సూక్ష్మకణాలను కాంతివేగానికి చేరువగా పరుగెత్తించి ఢీకొట్టించే యంత్రాన్ని, తొలిసారి నడిపారు. అందులో కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందన్న పుకారును మన టీవీ చానెళ్లు యుగాంతంగా మార్చి రోజంతా వండి వడ్డించాయి. అంతకన్నా ఎన్నో రెట్లు శక్తి గల విశ్వకిరణాలు కోట్లాది ఏళ్లుగా భూవాతావరణాన్ని ఢీకొంటూనే ఉన్నాయనీ, అయినా భూమి చెక్కుచెదరలేదనీ చెప్పడానికి వాటికి తీరిక దొరకలేదు. మధ్యప్రదేశ్‌లో పదహారేళ్ల అమ్మాయి ఆ కార్యక్రమాలు చూసి, లోకం అంతమవుతుందన్న భయంతో పురుగుమందు తాగి మరణించింది. ఇంట్లోవారు ధైర్యం చెప్పినా, గది మూలనున్న తెర మాటే ఆమెకు నిజమనిపించింది. ప్రళయం పేరుతో ప్రేక్షకులను కూడగట్టుకున్నవారిలో ఒక్కరి ఇంట కూడా దీపం ఆరలేదు. ఆరింది ఆ ఇంట.

చానెళ్లు చెప్పిన ఆ రోజున యంత్రంలో ప్రోటాన్లు సొరంగం చుట్టూ తిరిగాయే తప్ప అసలు ఢీకొననే లేదు. అవి నిజంగా ఢీకొన్నది మరుసటి ఏడాది నవంబరులో. అప్పటికి ఆ అమ్మాయి పోయి పద్నాలుగు నెలలు.