విడిపోవాలంటే నేరం మోపాలా?

కలిసి బతకలేమనుకున్న ఆలుమగలు విడిపోవాలంటే ఎవరిదో ఒకరిది తప్పని ఎందుకు రుజువు చేయాలి? ఈ ప్రశ్నను దేశం ఇంకా తేల్చుకోలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఎదుటివాళ్ల మీద క్రూరత్వమో, వ్యభిచారమో, వదిలేసి పోవడమో మోపమంటుంది. 1976లో పరస్పర అంగీకారాన్ని చేర్చారు. ఒకరు మొండికేస్తే అదీ పనికిరాదు. అతకలేనంతగా విరిగిన కాపురాన్నే విడాకులకు కారణంగా ఒప్పుకోమని లా కమిషన్ 1978లోనే చెప్పింది. 2010లో బిల్లు పెట్టారు. రాజ్యసభ దాటింది గానీ చట్టం కాలేదు. అలాంటి పెళ్లిని 142వ అధికరణం కింద తాను రద్దు చేయగలనని 2023లో సుప్రీంకోర్టు అంది. కింది కోర్టులకు ఆ అధికారం లేదు. ఢిల్లీ దాకా పోగలిగేవాళ్లు ఎందరు?

మరి మన సంగతి? కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని దాని 2(2) సెక్షనే చెబుతుంది. మనకు ఆచారమే ఆధారం. మన గూడేల్లో చాలాచోట్ల పెద్దల ముందు 'ఇక మాకు పొసగదు' అని చెప్పి విడిపోవచ్చు. ఆడబిడ్డ మళ్లీ మనువాడొచ్చు. చెడిపోయిందని ఎవరూ వేలెత్తి చూపరు. దీన్ని అనాగరికమన్న సమాజమే ఇవాళ దాన్ని సంస్కరణ పేరుతో చర్చించుకుంటోంది.

అలాగని గొప్పలు చెప్పుకుని కూర్చుందామా? పంచాయితీలో తీర్పు చెప్పేది ఇప్పటికీ ఎక్కువగా మగవాళ్లే. ఓలి తిరిగి కట్టాలన్నా, తప్పు కట్టాలన్నా ఆ బరువు చాలాసార్లు ఆమె పుట్టింటి మీదే పడుతుంది. పిల్లల తిండి సంగతి తేలకుండానే పంచాయితీ లేచిపోతుంది. చేతిలో కాగితం ఉండదు. కోర్టుకెక్కితే ఆచారం ఉందని మనమే నిరూపించాలి. ఎక్కడా రాయని ఆచారాన్ని ఏం చూపి నిరూపిస్తాం?

అందుకే మేం అడిగేది పైవాళ్ల చట్టాన్ని తెచ్చి మన నెత్తిన పెట్టమని కాదు. ఆచారాలనూ, తగాదాలు తీర్చుకునే మన పద్ధతినీ కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం ఒప్పుకుంది. ఆ గ్రామసభలోనే విడాకులు నమోదు కావాలి. ఆ కాగితాన్ని ప్రతి ఆఫీసూ ఒప్పుకోవాలి. తీర్పు చెప్పేచోట సగం మంది ఆడవాళ్లుండాలి. ఓలి బాకీ పేరుతో ఏ ఆడబిడ్డనూ కట్టిపడేయకూడదు. పిల్లల పోషణ తేలాకే పంచాయితీ లేవాలి.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పంతుళ్లూ! మీ గూడెం ఆచారాన్ని మీరే రాయండి. పెద్దలను అడగండి. వాళ్లకంటే ముందు, విడిపోయి బతుకుతున్న ఆడవాళ్లను అడగండి. వాళ్ల మాట లేకుండా రాసింది మన ఆచారం అనిపించుకోదు.