మెటియాబ్రుజ్ అంటే నవాబు ఒక్కడేనా?

మెటియాబ్రుజ్ పేరు మీకు ఒకే చోట తగిలి ఉంటుంది: 1856, అవధ్ విలీనం, కోల్‌కతా చేరిన వాజిద్ అలీ షా. సిబ్తైనాబాద్ ఇమాంబాడాలో ఆయన సమాధి. బిర్యానీలో బంగాళాదుంప సంగతి కూడా నోట్సులో రాసుకుంటాం, ఏ పరీక్షలోనూ రాకపోయినా.

అదే హుగ్లీ ఒడ్డున సురినామ్ ఘాట్ ఉంది. 1873లో లల్లా రూఖ్ ఓడతో మొదలై 1916 వరకు 34 వేల మందికి పైగా ఒప్పంద కూలీలు సురినామ్ వెళ్లారు. వాళ్ల గుర్తుగా 2015లో ఇక్కడ 'మాయీ-బాప్' విగ్రహం పెట్టారు. అయితే కోల్‌కతా రేవు నుంచి ఈ వలస అంతకు చాలా ముందే మొదలైంది. 1834లో అట్లాస్ ఓడలో మారిషస్ చేరిన 36 మందిలో ఎక్కువమంది 'ధంగర్లు', అంటే ఛోటా నాగ్‌పుర్ ఆదివాసులు.

ఇప్పుడు మీ నోట్సు తీయండి. 1831-32 కోల్ తిరుగుబాటు ఆదివాసీ ఉద్యమాల పట్టికలో ఉంటుంది. ఒప్పంద కూలీల వ్యవస్థ వేరే అధ్యాయంలో ఉంటుంది. రెంటికీ మధ్య రెండేళ్లే తేడా, ప్రాంతమూ ఒకటే. తిరుగుబాటు అణచివేతే వలసకు ఏకైక కారణం అనను. కానీ భూములు దికూల పాలైన మనిషికి రేవు దారి పట్టడం తప్ప ఏం మిగిలింది?

నన్ను బాగా కుదిపింది 1836 నాటి ఒక ఉత్తరం. గిలాండర్స్ ఆర్బత్‌నాట్ కంపెనీ తోటల యజమాని జాన్ గ్లాడ్‌స్టన్‌కు ధంగర్ల గురించి రాస్తూ, వీళ్లకు మతం లేదు, చదువు లేదు, తిండీ నిద్రా తప్ప కోరికల్లేవని చెప్పింది. చదువు లేకపోవడాన్నే సరుకు నాణ్యతగా చూపించింది! ఆదివాసీ విద్య మీద వ్యాసం రాసేటప్పుడు అక్షరాస్యత శాతాలతోపాటు ఇదీ రాయండి.

మారిషస్‌లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ కూలీల రికార్డులను, ఫోటోలను భద్రపరిచింది. వాటి నకళ్లు మెటియాబ్రుజ్ బడులకూ రాంచీ బడులకూ పాఠాలుగా రావాలని నా అభిప్రాయం. "ధంగర్ల వారసులు మెటియాబ్రుజ్‌లో లేరు కదా" అంటారేమో. నవాబుదీ ఆ ఊరు కాదుగా, లక్నో.

మన కోరింగ రేవు నుంచీ మారిషస్‌కు ఓడలు వెళ్లాయి, అక్కడి తెలుగువాళ్లకు ఆ ఊరి పేరే పడింది. ఇది మీకు ఏ తరగతిలో చెప్పారు?