చేయి పోవుట మేలాయెనా?

గడచిన సంవత్సరము మన పాఠశాలలో జరిగిన వక్తృత్వపు పోటీయందు పై తరగతి బాలుడొకడు ఐర్లండు దేశనాయకుడగు మైకేల్ డావిట్ చరిత్రమును గూర్చి మిక్కిలి చక్కగా మాటలాడెను. తీర్పరులలో నేనును ఒకడనై యుంటిని. వాక్కు స్పష్టము, తారీఖులలో నొక్క తప్పైనను లేదు. కావున బహుమానము వానికే యిచ్చితిమి. అయినను వాని యుపన్యాసములోని కడపటి మాట నా మనస్సున ముల్లువలె నాటుకొని నేటివరకును తొలగలేదు. "యంత్రమున చిక్కి కుడిచేయి పోవుట డావిట్‌కు మేలే యాయెను. చేయి పోకున్నచో బడికి పోయియుండడు. బడికి పోకున్నచో నాయకుడై యుండడు. ఏది జరిగినను మన మంచికే" అని వాడు ముగించెను. సభవారు కరతాళధ్వనులు చేసిరి. పెద్దలు తలలూపిరి. నేనును ఊపితినని యొప్పుకొనవలసియున్నది. ఇల్లు చేరిన పిమ్మట గాని ఆ మాటలోని లోపము నాకు తట్టలేదు.

ఆ లోపమేదో చెప్పుటకే యీ వ్యాసము. బాలుని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. అట్టి మాటలు వానికి నేర్పినవారము మనమే.

డావిట్ 1846వ సంవత్సరము మార్చి 25వ తేదీన ఐర్లండు పడమటి భాగమున, మేయో మండలములోని స్ట్రెయిడ్ అను పల్లెయందు ఒక చిన్న కౌలుదారుని యింట జన్మించెను. అది ఘోరమైన క్షామకాలము. బీదలకు నిత్యాహారమైన బంగాళాదుంప పంట 1845 మొదలుకొని తెగులు తగిలి నేలలోనే కుళ్లిపోవుచుండెను. కొలది సంవత్సరములలో సుమారు పదిలక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను మరణించిరి; మరికొన్ని లక్షలమంది ఓడలెక్కి దేశము విడిచిపోయిరి. ఆ కాలమున దీనిని దేవుడు పంపిన శిక్షయని బోధించినవారు కొందరు లేకపోలేదు. కాని తెగులు తగిలినది దుంపకే గదా! ఆ యేండ్లలోనే ధాన్యమును పశువులును ఐర్లండు రేవులనుండి ఎగుమతి యగుచునే యుండెను. భూమి దున్నువానిది కాదు. భూస్వాములలో ననేకులు ఆ దేశమున కాపురముండువారైనను కారు. కౌలు చెల్లింపలేనివానిని వీధిలోనికి గెంటి, ఇంటికప్పు కూలద్రోయుట చట్టము సమ్మతించిన కార్యము.

1850లో డావిట్ కుటుంబమునకును అదియే గతి పట్టెను. బాలునికి అప్పటికి నాలుగేండ్లు. దరిద్రశాలకు పోయిరి గాని, మూడేండ్లు దాటిన మగబిడ్డను తల్లియొద్ద నుంచరని విని ఆ తల్లి అక్కడ నిలువలేదు. బిడ్డను విడుచుటకంటె దారిన పడి చచ్చుట మేలని తలచి కాబోలు, వచ్చిన దారినే మరలినది. పిదప వారు సముద్రము దాటి ఇంగ్లాండునందలి లాంకషైరులో హాస్లింగ్డెన్ అను మిల్లుల యూరు చేరిరి. మన చేనేతవారి మగ్గములను మూలబెట్టిన నూలుమిల్లుల సీమ అదియే. ఆ మిల్లులు తమ యూరి బిడ్డలనుకూడ నెట్లు వాడుకొన్నవో డావిట్ చరిత్రము చెప్పును. తొమ్మిదేండ్లకే బాలుడు పనికి కుదిరెను. 1857 మే నెలలో, పదునొకండవ యేట, వాని కుడిచేయి పండ్లచక్రముల నడుమ చిక్కి నలిగెను. వైద్యులు దానిని కోసివేసిరి. మిల్లు యజమాని పరిహారముగా దమ్మిడీయైన నీయలేదు.

అప్పుడు ఆ యూరివాడగు జాన్ డీన్ అను దయాళువు కలుగజేసుకొని బాలుని వెస్లియను మిషను బడిలో చేర్పించెను. డావిట్ కుటుంబమువారు రోమన్ కథోలికులు. బడి మరియొక సంఘమువారిది. అయినను బాలుని చేర్చుకొనిరి. బాలుడును అక్కడ నాలుగేండ్లు చదివి, తన మతమున తానుండెను. పదునైదవ యేట తపాలా పనియు అచ్చుపనియు నడపు నొకరియొద్ద కుదిరి, ఒంటిచేతితో అక్షరములు కూర్చుట నేర్చెను. రాత్రులు పనివారి పుస్తకశాలలో చదువుకొనెను.

ఇప్పుడు మన బాలుని మాటను పరిశీలింతము. ఆ మిల్లులో డావిట్ ప్రక్కన నిలిచి పనిచేసిన బాలురు ఎందరో యుందురు. వారి రెండు చేతులును నిలిచెను. కాబట్టి వారికి బడి లేకపోయెను! అనగా హాస్లింగ్డెన్‌లో బీదవాని బిడ్డ చదువుకొనవలెనన్న ముందుగా నొక యవయవమును రుసుముగా చెల్లింపవలెనన్నమాట. దీనిని మేలనుట యెట్లు? డావిట్‌కు చదువు చెప్పినది యంత్రము కాదు. రుసుము తానిచ్చుకొన్న యొక మనుష్యుడును, పరసంఘమువాడని త్రోసివేయని యొక బడియును చెప్పిరి. ఈ రెండును చేయి కోల్పోకముందే లభించియుండవచ్చును. లభింపకపోవుటకు కారణము విధి కాదు. అట్టి యేర్పాటు ఆ యూరివా రెవ్వరును చేయకపోవుటయే.

పంటకోతలకును పత్తి యేరుటకును బిడ్డలను బడి మాన్పించు తలిదండ్రులు మన విద్యార్థులలో కొందరికి కలరు. వారిని నేను నిందింపను. డావిట్ తండ్రియు తొమ్మిదేండ్ల బిడ్డను పనికి పంపినవాడే. గింజలు లేని యింట నీతులు చెప్పుట సులభము. ఎవరు బిడ్డ రుసుమును, ఎవరు ఆ పూట కూలిని భరింతురన్నదే ప్రశ్న.

నాకు తోచునంతవరకు డావిట్ జీవితమంతయు నీ యొక్క విషయముతోడి పోరాటమే. జనులు తలవ్రాత యని చేతులు ముడుచుకొన్న ప్రతిచోటను, ఇది మనుష్యులు చేసిన యేర్పాటు, మనుష్యులే మార్పగలరని ఆయన చూపెను. అట్టివాని చేయి పోవుటను దైవఘటనమని కొనియాడుట ఆయన వాదమునే కాదనుట గాదా?

మొదట ఆయన పట్టిన మార్గము వేరు. 1865లో ఆయుధబలముచే ఐర్లండును విడిపింపదలచిన రహస్యసంఘమున చేరెను. 1867లో చెస్టరు కోటలోని యాయుధములు పట్టుకొనుటకు పోయి, గుట్టు బయలుపడుటచే మరలివచ్చినవారిలో నాయనయు నొకడు. 1870 మే నెలలో లండను రైలు స్టేషనునందు పట్టుబడెను. పదునైదేండ్ల కఠినశిక్ష విధింపబడెను. ఆయనతోకూడ నొక ఆంగ్లేయుడగు తుపాకుల పనివాడును దోషియని తేలగా, అతడు నిరపరాధి, అతని శిక్షకూడ నా శిక్షకే చేర్చుడని డావిట్ న్యాయాధిపతిని వేడెను. ఆ మనవి చెల్లలేదు. వక్తృత్వపు పోటీలో మన బాలుడీ సంగతిని విడిచిపెట్టెను. నేనైనచో దీనితోనే ఆరంభింతును.

డార్ట్‌మూరు చెరసాలలో ఒంటిచేతి ఖైదీచేత కుళ్లిన యెముకలను పగులగొట్టించిరి. ఏడేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1877 డిశంబరు 19వ తేదీన షరతులతో విడుదల చేసిరి. వెలుపలికి వచ్చిన మనుష్యుడు లోపలికి పోయిన మనుష్యుడు కాడు. ద్వేషమునకు కావలసినంత హేతువున్నను, శత్రువు ఆంగ్లజాతి కాదు, భూమి యేర్పాటు అని యాయన నిశ్చయించుకొనెను. తుపాకులతో కొలదిమంది చేయలేనిది, బహిరంగసభలలో వేలమంది కూడి చేయవచ్చునని గ్రహించెను. ఎరిగిన సత్యమునుబట్టి త్రోవ మార్చుకొనుటను మన సభలలో చపలత్వమని యెగతాళి చేయుదురు. నేనట్లు తలపను.

1879లో మరల పంటలు చెడెను. ఏప్రిలు 20వ తేదీన మేయోలోని ఐరిష్‌టౌన్ అను గ్రామమున వేలకొలది కౌలుదారులు సభ కూడిరి. సభ నేర్పరచినవారిలో ముఖ్యుడు డావిట్. తాను మాత్రము ఆనాడు రాలేకపోయెను. వింత యేమనగా, ఆ సభ కూడినది ఒక కథోలిక గురువు వ్యవహారము చూచుచున్న భూమి కౌలుకు ప్రతికూలముగా. కౌలు తగ్గింపబడెను. ఆ సంవత్సరమే అక్టోబరు 21వ తేదీన డబ్లినులో ఐర్లండు భూసంఘము స్థాపింపబడెను. అధ్యక్షుడు పార్నెల్. ఆయన స్వయముగా భూస్వామి, ప్రొటెస్టెంటు, మితభాషి. చరిత్ర పుస్తకములలో ఆయన చిత్రమే పెద్దదిగా నుండును. కాని ఆ సంఘమునకు పునాది త్రవ్వినవాడు డావిట్.

1880లో కెప్టెన్ బాయ్‌కాట్ అను భూస్వామి యేజెంటునకు ఇరుగుపొరుగులు పనిచేయుట మానిరి, సరకు లమ్ముట మానిరి, పలుకరించుటయు మానిరి. సుమారు 500 పౌనుల పంట కోయించుటకు ఉత్తరపు మండలములనుండి యేబదిమంది కూలీలును, వారి రక్షణకు వేయిమంది సైనికులును రావలసివచ్చెను. ఖర్చు 10,000 పౌనులని యంచనా వేసిరి. అతని పేరే అన్ని భాషలలోనికి ప్రాకెను. మన తెలుగు పత్రికలును బాయ్‌కాటు అని వ్రాసి పిమ్మట బహిష్కారమనిరి. ఆ దినములలో డావిట్ అమెరికాలో సంఘమునకు ధనము కూర్చుచుండెను. 1881లో ప్రభుత్వము దిగివచ్చి, న్యాయమైన కౌలు నిర్ణయించుటకు న్యాయస్థానము లేర్పరచెను. అంతకుముందే ఆ సంవత్సరము ఫిబ్రవరిలో డావిట్‌ను మరల బంధించి పోర్ట్‌లండు చెరసాలకు పంపియుండిరి.

అక్కడ నాయనకు తోడు ఒక నల్లపిట్ట. దానికి జో అని పేరు పెట్టెను. విడుదలయైన పిదప 1885లో ప్రకటించిన చెరసాల దినచర్య గ్రంథమును ఆ పిట్టకు చేసిన యుపన్యాసములుగా వ్రాసి, దానికే అంకితమిచ్చెను. కటకటాల వెనుకనున్నను తోటిఖైదీల విషయమున ఆయన కండ్లు మూసుకొనలేదు. దొంగలు, మోసగాండ్రు, దిక్కులేని కుర్రవాండ్రు ఎట్లు తయారగుదురో ఆ గ్రంథము నిదానముగా వివరించును.

మనకును ఆయనకును గల సంబంధ మొకటి చెప్పవలెను. ఒక భారతీయునికి ఐర్లండు స్థానమిచ్చి పార్లమెంటునకు పంపుదమని ఆయన పార్నెల్‌తో ప్రస్తావించెను. ఆయన మనస్సున నున్నవాడు దాదాభాయి నౌరోజీ. అది నెరవేరలేదు. నౌరోజీ 1892లో లండనునుండియే యెన్నికయ్యెను. 1894లో మదరాసులో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఐర్లండు పక్షపు సభ్యుడగు ఆల్‌ఫ్రెడ్ వెబ్ అధ్యక్షత వహించెను. అప్పుడు మన తెలుగు జిల్లాలు పెక్కు మదరాసు రాజధానిలోనివే.

డావిట్ పార్లమెంటులో ఎక్కువకాలము నిలువలేదు. 1899 అక్టోబరులో బోయరు యుద్ధమును నిరసించి స్థానము వదలెను. దక్షిణాఫ్రికాకు పోయి బోయరుల ధైర్యమును గూర్చి గ్రంథము వ్రాసెను. ఇక్కడ నాయన చూపు నిండుగా లేదని నా యభిప్రాయము. భూమి కోల్పోయిన కౌలుదారుని కన్నీరు కనిన యా కన్ను, బోయరుల క్రింద నలుగుచున్న నల్లజాతులవారిని అట్లు చూడలేకపోయెను. మహనీయుడని దీనిని దాచిపెట్టుట నాకిష్టము లేదు.

1903లో రష్యాలోని కిషినేవ్ పట్టణమున యూదులను చంపగా, అక్కడికి పోయి విచారించి లోకమునకు తెలిపెను. మరుసటియేడు ఐర్లండులోనే, లిమరిక్ పట్టణమున, ఒక గురువు ప్రసంగముచే ప్రేరితులై జనులు యూదుల యంగళ్లను బహిష్కరించిరి. బహిష్కారము డావిట్ సంఘమువారి యాయుధమే. తన మతమువారే, తన దేశస్థులే దానిని పట్టిరి. అయినను బలవంతుడగు భూస్వామిపై నెత్తినదానిని నిస్సహాయుడగు చిల్లర వర్తకునిపై నెత్తుట అన్యాయమని యాయన పత్రికాముఖమున ఖండించెను. ఆ యుద్యమమునకు తండ్రియనదగినవాడు అట్లు పలుకుట సామాన్యము కాదు.

1903లో వచ్చిన చట్టము కౌలుదారులకు అప్పిచ్చి భూములు కొనిపించెను. దేశమంతయు సంతసించెను. డావిట్ మాత్రము భూస్వాములకు మితిమీరిన ధర ముట్టినదనియు, భూమి జాతికంతకును చెందవలెననియు వాదించి ఇంచుమించు ఒంటరియయ్యెను. 1906 మే 30వ తేదీన, పన్ను తీయించుకొన్న పిదప రక్తము విషమెక్కి, అరువదవ యేట డబ్లినులో మరణించెను. స్ట్రెయిడ్‌లో సమాధి చేసిరి. 1880 ఫిబ్రవరిలో నొకసారి అచ్చట, తన చిన్ననాటి యిల్లు కూల్చిన తావుననే వేదిక కట్టించుకొని, ఆయన జనులతో మాటలాడియుండెను. ఆ తావు సమాధికి దూరము కాదు.

ఈ వ్యాసమును అచ్చునకు పంపుటకు ముందు మన బాలునికి చూపితిని. వాడు మెల్లగా రెండుసార్లు చదివి, "అయ్యా, అట్లయిన నా బహుమానము తిరిగి ఈయవలెనా?" అని యడిగెను. అక్కరలేదంటిని. తారీఖులన్నియు సరిగా చెప్పినవాడు వాడొక్కడే.