పాట మానేసిందెవరు? మాన్పించిందెవరు?

మా మారేడ్‌పల్లి వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. డెబ్బై దాటాయి. పొద్దున్నే పాలపాకెట్ల కోసం గేటు దగ్గరికి వచ్చినప్పుడు ఏదో కూనిరాగం తీస్తూ ఉంటారు. నేను కనిపించగానే టక్కున ఆపేస్తారు. "ఆపేశారేం పిన్నిగారూ, పాడండి" అంటే, "నాకు పాటలేం వచ్చే తల్లీ, ఎప్పుడో మానేశాను" అంటారు. ఆవిడ పెళ్ళికి ముందు ఏడేళ్ళు సంగీతం నేర్చుకున్నారనీ, కచేరీ కూడా చేశారనీ మొన్నీమధ్య వాళ్ళ కోడలు చెబితే తెలిసింది. పెళ్ళయిన ఏడాదికి హార్మోనియం అటకెక్కిందట. ఎవరూ వద్దనలేదట కూడా! పాడమని ఎవరూ అనలేదు, అంతే.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు రావు బాలసరస్వతీదేవి గుర్తుకొస్తారు. 1928లో పుట్టిన ఈమె ఆరేళ్ళ వయసులోనే గ్రామఫోన్ రికార్డు ఇచ్చారు. 1936లో వచ్చిన 'సతీ అనసూయ'లో బాలనటి. 1940లో 'ఇల్లాలు' చిత్రంలో సాలూరి రాజేశ్వరరావుతో కలిసి నటించారు. ఆ రోజుల్లో తెర మీద కనబడేవాళ్ళే పాడుకోవాలి. గొంతు లేకపోతే వేషం లేదు. అలాంటి కాలంలో, 1943లో 'భాగ్యలక్ష్మి' సినిమాలో కమలా కొట్నీస్‌కి ఈమె గొంతు అరువిచ్చారు. తెలుగులో తొలి నేపథ్య గాయనిగా పేరు అలా వచ్చింది. రేడియోలో లలిత సంగీతానికి ఆదరణ తెచ్చిన తొలి గొంతుల్లో ఆమెదీ ఒకటి. ఇంత జరిగేసరికి ఆమెకు పదిహేనేళ్ళు!

1944లో కోలంక రాజావారితో పెళ్ళి. నటన అక్కడితో ఆగింది. పాట మాత్రం కొన్నాళ్ళు నడిచింది. 1953 నాటి 'దేవదాసు'లో ఆమె గొంతు వినిపిస్తుంది. ఆ తర్వాత అదీ సన్నగిల్లి ఆగిపోయింది. ఆమె సినిమాల్లో పాడటం భర్తకు ఇష్టం లేదన్నదే కారణం. మన సినిమా వ్యాసాలు రాసేవాళ్ళు దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. 'పెళ్ళి తర్వాత గానానికి స్వస్తి చెప్పారు' అని. చెప్పారా, చెప్పించారా? ఆ ఒక్క అక్షరం తేడా పట్టించుకునే తీరిక ఎవరికుంది?

అదే కాలంలో, అంటే 1943లో, భానుమతి కూడా పెళ్ళి చేసుకున్నారు. సినిమాలు మానేసి ఇల్లు చూసుకోవాలనే ఆమె కోరికా! తీరా 'స్వర్గసీమ'తో మళ్ళీ తెర మీదికి వచ్చారు. భర్త రామకృష్ణారావుతో కలిసి సొంతంగా సినిమాలు తీశారు, పాడారు, దర్శకత్వం కూడా చేశారు. ఇద్దరిదీ గొప్ప గొంతే, ఇద్దరిదీ ఒకే తరం. తేడా ఎక్కడుందో నేను వేరే చెప్పాలా?

మగవాళ్ళు మానేయలేదా అంటారేమో. మానేశారు. తెలుగులో తొలితరం నేపథ్య గాయకుడు ఎమ్మెస్ రామారావు మద్రాసు వదిలేసి వచ్చి, చివరికి హైదరాబాద్‌లో స్థిరపడి, సుందరకాండను తేట తెలుగులో రాసి పాడారు. తెల్లవారుజామున రేడియోలో ఆ గొంతు విని నిద్ర లేచిన ఇళ్ళు మన జంట నగరాల్లో ఎన్నో! ఆయన సినిమాని వదిలారు గానీ పాటని వదల్లేదు. వదలమని ఎవరూ అడగలేదు కూడా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మానేసిన ప్రతి ఆడదీ అన్యాయానికి గురైనట్టు కాదు. అల్లాఉద్దీన్ ఖాన్ కూతురు అన్నపూర్ణాదేవి సంగతి చూడండి. రవిశంకర్‌ని పెళ్ళాడిన ఈమె సుర్‌బహార్ మీటితే శ్రోతలు భర్త కన్నా ఈమెనే ఎక్కువ మెచ్చుకున్నారనీ, అది కాపురంలో కలత అయి వేదిక ఎక్కడం మానేశారనీ అంటారు. కానీ ఆమె తలుపులు మూసుకున్నది లోకానికే గానీ సంగీతానికి కాదు. ముంబైలో ఆ మూసిన తలుపుల వెనకే నిఖిల్ బెనర్జీ, హరిప్రసాద్ చౌరాసియా లాంటి వాళ్ళు ఆమె ముందు శిష్యులుగా కూర్చున్నారు. 1977లో పద్మభూషణ్ ఇచ్చినా బయటి వేదిక ఎక్కలేదు. 2018లో కన్నుమూసేదాకా అదే పట్టు. దాన్ని త్యాగం అనాలో, కోపం అనాలో, స్వేచ్ఛ అనాలో నాకు తేలదు. ఆమెకే తెలియాలి.

నాకు ఒళ్ళు మండేది మాత్రం 'త్యాగం' అన్న ఆ మాట మీదే. ఆడది ఏది వదిలేసినా దాని మీద పువ్వులు చల్లడానికి మనకి ఆ మాట సిద్ధంగా ఉంటుంది. పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి పాటలొచ్చా?" అని అడిగేదీ మనమే. ఆర్నెల్లు తిరక్కుండానే "పొద్దున్నే ఆ రాగాలేమిటి, వంట చూడకుండా" అనేదీ మనమే. మన సికింద్రాబాద్‌లో భక్త రామదాసు పేరుతో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. ఇంకా వీధికో సంగీతం టీచరు. పిల్లల్ని క్లాసులో దింపి బయట ఎదురుచూసే తల్లుల్లో ఎంతమందికి వర్ణాలు వచ్చో ఎవరైనా అడిగారా? అటకెక్కిన హార్మోనియాలు ఎన్నో లెక్క తీస్తే మోండా మార్కెట్ పట్టదనిపిస్తుంది.

బాలసరస్వతీదేవి చివరి రోజులు మన హైదరాబాద్‌లోనే గడిచాయి. 2025 అక్టోబరులో, తొంభై ఏడేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. పేపర్లన్నీ 'తొలి నేపథ్య గాయని' అని రాశాయి. మధ్యలో రాలిపోయిన ఏళ్ళ గురించి రాసినవి తక్కువ.

ఆ వార్త చదివిన రోజు సాయంత్రం మా పిన్నిగారింటికి వెళ్ళాను. పేపరు ఆవిడ ఒళ్ళోనే ఉంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడే కోడల్ని పిలిచి, "అటక మీద ఆ పెట్టె దింపించమ్మా, చూద్దాం" అన్నారు. బెలోస్‌కి రెండుచోట్ల చిల్లులు పడ్డాయి, మూడు మెట్లు మోగడం లేదు. బాగుచేసేవాడు నెల పడుతుందన్నాడు. ఆవిడ రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారు.