చౌక నకలుపై నవ్వు: హాస్యానికి, మోసానికి మధ్య గీత

పుదుచ్చేరిని ‘చిన్న ఫ్రాన్స్’ అని పిలవడం పర్యాటక ప్రచారంలో పాత అలవాటు. సామాజిక మాధ్యమాల్లో ఆ పిలుపే ఇప్పుడు హాస్యానికి ముడిసరుకు. ఒక పక్క అసలు, మరో పక్క దాని చౌక నకలు. పైన ఒక వాక్యం, కింద ఒక వాక్యం. అంతటితో మీమ్ సిద్ధం. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగు పట్టణం యానాంలో ఈఫిల్ టవర్‌ను తలపించే గోపురం ఉంది. పారిస్‌లోని అసలు కట్టడం ఎత్తు 330 మీటర్లు. రెండింటినీ పక్కపక్కన పెడితే నవ్వు రావడం సహజమే.

ఈ హాస్యం మనకు కొత్త కాదు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెత చెప్పేదీ ఇదే. అసలుకు, అనుకరణకు మధ్య ఉన్న దూరమే నవ్వు పుట్టిస్తుంది. ఒక అక్షరం మార్చి పేరున్న కంపెనీ బూట్లుగా చలామణి అయ్యే సరుకు, ఆన్‌లైన్‌లో చూసిన చీరకు, ఇంటికి వచ్చిన చీరకు పోలిక లేకపోవడం, అగ్రనటుడి వేషం కట్టిన వేదిక కళాకారుడు: ఇవన్నీ ఆ కోవలోనివే. అయితే ఫోన్‌లో ఒక్క స్పర్శతో వేలమందికి చేరే కాలంలో మూడు ప్రశ్నలు తప్పవు. మనం నవ్వుతున్నది ఎవరిని? ఆ నవ్వు ఎవరినైనా మోసగిస్తోందా? చట్టం ఏమంటోంది?

చట్టం విషయంలో పుదుచ్చేరికి ప్రత్యేక స్థానం ఉంది. 2012 అక్టోబరులో ఇక్కడి ఒక చిన్న వ్యాపారిని అప్పటి కేంద్ర మంత్రి కుమారుడిపై చేసిన ట్వీట్‌కు పోలీసులు అరెస్టు చేశారు. అది మీమ్ కాదు, రాజకీయ వ్యాఖ్య. ప్రయోగించినది సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్. దాని కింద మూడేళ్ల వరకు జైలుశిక్షకు వీలుండేది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఒక వ్యంగ్య చిత్రాన్ని ఇతరులకు పంపినందుకు కోల్‌కతాలో ఒక ఆచార్యుడు అరెస్టయ్యారు. చివరకు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఎ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఎదుటివారికి చిరాకు కలిగించిందన్న ఒక్క కారణంతో మాటను నేరంగా చూడరాదన్నది ఆ తీర్పు సారాంశం.

వ్యాపార చిహ్నాల విషయానికి వస్తే, ఒడిశాలోని ధామ్రా రేవు వల్ల సముద్ర తాబేళ్లకు ముప్పు ఉందంటూ గ్రీన్‌పీస్ సంస్థ 2010లో ఒక వ్యంగ్య వీడియో గేమ్ తయారు చేసింది. అందులో తమ చిహ్నాన్ని వాడారని టాటా సన్స్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2011 జనవరిలో న్యాయస్థానం తాత్కాలిక నిషేధానికి నిరాకరించింది. విమర్శ కోసం, వ్యంగ్యం కోసం చిహ్నాన్ని వాడటం వేరు, సరుకు అమ్ముకోవడానికి వాడటం వేరు అన్న తేడాకు ఈ కేసు ఉదాహరణగా నిలిచింది.

రెండో వైపు చూపే ఉదాహరణ కూడా ఉంది. గాయకుడు దలేర్ మెహందీ రూపంలో, ఆయన పాట వినిపించే బొమ్మలను అనుమతి లేకుండా అమ్మిన దుకాణాలపై 2010లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పునిచ్చింది. అదే తీర్పులో వ్యంగ్య చిత్రణను, పేరడీని ఈ గాటన కట్టరాదన్న హెచ్చరిక కూడా ఉంది. అంటే నకలు బొమ్మ అమ్మితే తప్పు. నకలు బొమ్మపై జోకు వేస్తే దానంతట అది తప్పు కాదు. అయితే వ్యక్తి పరువుకు భంగం కలిగించే అబద్ధాన్ని హాస్యం ముసుగులో ప్రచారం చేస్తే భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ వర్తించవచ్చు.

నకలు సరుకు అమ్మకం మాత్రం నవ్వులాట కాదు. తప్పుడు వ్యాపార చిహ్నంతో వస్తువులు అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పుదుచ్చేరి ప్రాంతంలోని విల్లియనూర్ మట్టిబొమ్మలకు, తిరుక్కనూర్ కాగితపు గుజ్జు బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. మన వైపు పోచంపల్లి ఇక్కత్‌కు, కొండపల్లి బొమ్మలకు కూడా ఉంది. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది, ఆ తరువాత నేస్తారు. అందువల్ల డిజైను బట్ట రెండు వైపులా కనిపిస్తుంది. అదే డిజైనును గుడ్డపై అచ్చువేసి చౌకగా అమ్మితే నష్టపోయేది మగ్గం ముందు కూర్చున్న కుటుంబం. ఇక్కడ మీమ్ మేలు కూడా చేయగలదు. అసలును, అచ్చును పక్కపక్కన పెట్టి తేడా చూపే ఒక సరదా చిత్రం, సుదీర్ఘ ప్రకటన కన్నా త్వరగా కొనుగోలుదారుకు చేరుతుంది.

ఇక మిగిలినది మర్యాదకు సంబంధించిన ప్రశ్న. పుదుచ్చేరి మహాత్మా గాంధీ రోడ్డులో ఆదివారం సంతకు వచ్చే కుటుంబాలు చౌక బట్టలు కొనేది ఫ్యాషన్ తెలియక కాదు, జేబులో ఉన్న డబ్బుకు తగినట్లు బతకడానికి. పేరుమోసిన కంపెనీ డాబును ఎగతాళి చేసే మీమ్‌కు, ఆ చొక్కా తొడుక్కున్న పిల్లవాడి ఫొటోను అతనికి తెలియకుండా తీసి పెట్టే మీమ్‌కు చాలా తేడా ఉంది. మొదటిది వ్యంగ్యం. రెండవది పేదరికాన్ని గేలి చేయడం. దానికి ఏ సెక్షనూ వర్తించకపోయినా తప్పు తప్పే.

తయారు చేసేవారు పాటించదగిన సూత్రాలు కష్టమైనవి కావు. గుర్తించగలిగే సామాన్యుల ముఖాలు వాడకూడదు. చూసినవారు నిజమని నమ్మి డబ్బు పోగొట్టుకునేలా వస్తువు పేరును గానీ, కొనుగోలు లింకును గానీ జోడించకూడదు. ఎగతాళి నకలు అమ్మేవారిపై ఉండాలి గానీ, కొనేవారిపై కాదు. మాట్లాడే స్వేచ్ఛకు 2015లో న్యాయస్థానం అండగా నిలిచింది. ఆ స్వేచ్ఛతో ఎవరిని నవ్వించాలి, ఎవరిని నొప్పించకుండా ఉండాలి అన్న విచక్షణ మాత్రం మన చేతిలోనే ఉంది.