మెడకు ఆపరేషన్... ఇంటికెప్పుడు?

తెల్లారుజామున సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు దిగేవాళ్లలో చంకలో ఎమ్మారై కవరు పెట్టుకున్నవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. కొందరు పద్మారావునగర్ వైపు, గాంధీకి. కొందరు మినిస్టర్ రోడ్డులోని కార్పొరేట్ ఆసుపత్రికి. ఆటో ఎక్కకముందే వాళ్ల మధ్య ఒక లెక్క నడుస్తుంటుంది. ఆపరేషనైతే ఎన్నాళ్లుండాలి? తోడు ఎవరుంటారు? ఇంటి దగ్గర బర్రెలను ఎవరు చూస్తారు? గాంధీ ఆసుపత్రి 2003లో పాత ముషీరాబాద్ జైలు ఉన్న చోటికి మారింది. జైలు పోయినా 'విడుదలెప్పుడు' అన్న ప్రశ్న మాత్రం అక్కణ్నుంచి పోలేదు!

అందులోనూ మెడ ఆపరేషనంటే భయం మరీ ఎక్కువ. 'మెడ కోస్తే ఇక లేచేది లేదు, నెలల తరబడి మంచమే' అన్న మాట ఊరూరా ఉంది. ఆ భయంతోనే ఏళ్లకేళ్లు తైలాలూ, మాలిష్‌లూ, మెడ పట్టీలూ. అసలు నష్టం జరిగేది ఇక్కడే.

జనగామ వైపు నుంచి వచ్చిన ఓ దర్జీ సంగతే తీసుకోండి. మొదట సూదిలోకి దారం ఎక్కలేదు. చూపు తగ్గిందనుకున్నాడు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. ఓ రోజు నడుస్తుంటే చెప్పు జారిపోయింది. నాలుగడుగులు వేశాక గానీ కాలికి చెప్పు లేదని తెలియలేదు. పెద్దగా నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి జబ్బూ లేదనుకున్నాడు! మెడలో వెన్నుపాము నలుగుతుంటే లక్షణాలు ఇలాగే ఉంటాయి. డాక్టర్లు దీన్ని మైలోపతి అంటారు. అనుమానముంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. 10 సెకన్లలో పిడికిలి గట్టిగా బిగించి పూర్తిగా తెరవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి 20 సార్లయినా చేయగలడు. అందులో సగం దగ్గరే వేళ్లు మొరాయిస్తే మాలిష్ మానేసి డాక్టర్ని చూడాల్సిందే.

ఇక ఎన్ని రోజులన్నది... కోత ముందు నుంచా, వెనక నుంచా అన్నదాన్ని బట్టి ఉంటుంది. గొంతు పక్కన చిన్న గాటు పెట్టి, పాడైన డిస్కు తీసేసి, దాని చోట చిన్న కేజ్‌నో, తుంటి ఎముక ముక్కనో అమర్చే పద్ధతి 1950ల్లో అమెరికాలో రూపుదిద్దుకుంది. ఒకటి రెండు డిస్కులకైతే చాలామంది మర్నాడో, ఆ మర్నాడో ఇంటికి వెళ్లిపోవచ్చు. అమెరికాలో కొన్నిచోట్ల, అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లను అదే రోజు పంపేస్తున్నారు కూడా. వెనక నుంచి చేస్తే మెడ కండరాలను విడదీయాలి కాబట్టి నొప్పి ఎక్కువ. మూడు నుంచి ఐదు రోజులు మామూలు. జపాన్‌లో అయితే ఇలాంటి ఆపరేషన్లకు రెండు మూడు వారాలు ఉంచుకుని, నడక నేర్పి మరీ పంపడం చాలాకాలంగా ఉన్న అలవాటు. జబ్బొకటే, దేశాన్ని బట్టి రోజులు!

ముందు నుంచి చేసినవాళ్లకు మొదటి రాత్రి కీలకం. కుట్ల లోపల రక్తం గూడు కట్టి శ్వాసనాళాన్ని నొక్కిందంటే నిమిషాల మీద ప్రాణం మీదికొస్తుంది. అరుదే, కానీ వస్తే ఆసుపత్రిలోనే ఉండాలి. అందుకే నర్సు గంటగంటకూ లేపి మాట్లాడిస్తుంది.

"జర పండుకోనియ్యి బిడ్డా, పొద్దుగాల్నుంచి ఏం తినలే" అంది దర్జీ భార్య.

"గొంతు ఎట్లుందో వినాలె పెద్దమ్మా. నువ్వే రెండు మాటలు మాట్లాడియ్యి."

ఆ తర్వాత చూసేవి చిన్న చిన్న సంగతులే. గుటక పడుతోందా, గొట్టం తీశాక మూత్రం దానంతటదే వస్తోందా, బాత్‌రూమ్ దాకా నడవగలుగుతున్నాడా, నొప్పి మాత్రలతో ఆగుతోందా? ఇవి కుదిరితే డాక్టరు ఎక్కువ రోజులు ఉంచరు. గొంతు బొంగురు, మింగుడు కష్టం కొన్నాళ్లుండి చాలామందికి తగ్గిపోతాయి. వెనక నుంచి చేసినవాళ్లలో కొందరికి బాగానే ఉన్న చేయి రెండు మూడు రోజుల తర్వాత పైకి లేవదు. అప్పుడు వెంటనే డాక్టరుకు చెప్పాలి. నెలలు పట్టినా ఎక్కువమందికి ఇది నయమవుతుంది. ముందే చెప్పి ఉంచితే ఇంటిల్లిపాదీ హడలిపోకుండా ఉంటారు. చెప్పేవాళ్లే తక్కువ.

వయసు, షుగరు, ఎన్ని డిస్కులు అన్నవీ రోజులను పెంచుతాయి. వీటికి తోడు, రోగి ఆసుపత్రికి ఎలా వచ్చాడన్నదీ చూడాలి. నడిచి వచ్చినవాడు త్వరగా నడిచి వెళ్తాడు. పట్టుకుని తెస్తే వెళ్లడమూ ఆలస్యమే. నలిగిన వెన్నుపాము పూర్తిగా కోలుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆపరేషన్‌తో ముందు ఆగేది ఇంకా చెడిపోవడం.

జబ్బుతో సంబంధం లేని ఆలస్యం ఇంకోటుంది. పొద్దున 10 గంటలకు డాక్టరు 'వెళ్లొచ్చు' అన్నా బీమా కాగితం కోసం చీకటి పడేదాకా కూర్చునే కుటుంబాలు ఎన్నో. ఆసుపత్రి అడిగిన 3 గంటల్లో బీమా కంపెనీ తుది అనుమతి తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. కౌంటర్ దగ్గర ఈ మాట గుర్తుచేస్తే తప్పులేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చికిత్సకింత అని ప్యాకేజీ ఉంటుంది. కానీ తోడున్న మనిషి కూలి ఏ ప్యాకేజీలోనూ ఉండదు.

ఊరు దూరమైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఉప్పల్ వెళ్లేవాణ్ని, బస్సు వెనక సీట్లో మూడు గంటలు ఎగిరెగిరి పడాల్సినవాణ్ని ఒకేలా పంపకూడదు. కుట్లు విప్పడానికి మళ్లీ ఇక్కడికే రావాలా, ఊళ్లో చాలా అన్నదీ అప్పుడే అడగాలి. ఇంటికెళ్లాక ఊపిరాడకపోయినా, మింగలేకపోయినా, జ్వరం వచ్చినా, కాళ్లూచేతులు కొత్తగా పట్టు తప్పినా, మూత్రం ఆగినా రేపటిదాకా ఆగొద్దు.

దర్జీకి రెండు డిస్కులు, పైగా షుగరు. నాలుగో రోజు మధ్యాహ్నం పంపించారు. లిఫ్టు దాకా తనే నడిచాడు. చొక్కా గుండీలు మాత్రం భార్యే పెట్టింది.